మూడు మిల్లీమీటర్ల మర్యాద

2019 అక్టోబర్ 12, శనివారం. హద్దు ఏడువందల గ్రాములు. కృత్రిమ కాళ్లు అమర్చే హుమైరా ఖానుమ్ ఆ ఉదయం ఇస్రాఫిల్ తొడ కొలతలు తీసుకుంది. కొత్త మోకాలి చట్రం అంతకు మించి బరువుంటే ఆయన వీధిలో నడవగలడు గానీ కొండ ఎక్కలేడని ఆయన కూతురు ఉల్దుజ్‌తో చెప్పింది. విదేశంలో తయారైన పాత చట్రం పగిలిపోయింది. ఆంక్షల వల్ల అలాంటివి దేశంలోకి రావడం ఆగి ఏడాది దాటింది.

ఇస్రాఫిల్ తబ్రీజ్ రైల్వే యార్డులో బోగీలు తగిలించే పని చేసేవాడు. కాలు పోయింది అక్కడే. అయినా చట్రం పగిలేదాకా ప్రతి శుక్రవారం ఐనాలీ కొండ ఎక్కి, పైన టీ తాగి దిగేవాడు. వారంలో మిగిలిన రోజులన్నీ ఆ ఒక్క రోజు కోసమే గడిపే మనిషి. ఇప్పుడు చంకకర్రలతో ఇంట్లోనే ఉంటున్నాడు. కొండ కనిపించే గదిలోంచి తన మంచం వెనక గదిలోకి మార్పించుకున్నాడు.

ఉల్దుజ్‌కు ముప్పై నాలుగేళ్లు. నీటి పంపులు తయారుచేసే కార్ఖానాలో, డిజైన్ విభాగంలో ఉద్యోగం. ఒక లోహపు దిమ్మను కంప్యూటర్‌కు ఇచ్చి, ఎక్కడ ఎంత భారం పడుతుందో చెబితే, ఆమె వాడే ప్రోగ్రాము భారం మోయని లోహాన్నంతా కొరుక్కుంటూ పోతుంది. చివరికి ఎండిన ఎముకలాంటి ఆకారం మిగులుతుంది. అయితే దాన్ని ఏ పద్ధతిలో తయారుచేస్తారో ముందే చెప్పాలి. త్రీడీ ప్రింటర్‌కైతే ఒక రకం షరతులు, లోహం కరిగించి అచ్చులో పోసే పోతకైతే మరో రకం. చెప్పకపోతే ఎవరి చేతా కాని అందాన్ని అది తెరమీద చూపిస్తుంది.

మొదట ఆమె ప్రింటర్‌కే గీసింది. పొరల మీద పొరగా లేచే వస్తువు కనుక కింద ఆధారం లేని భాగమేదీ మరీ అడ్డంగా వాలకూడదని షరతు పెట్టింది. లోపల బోలుగా వదిలింది. మూడువందల తొంభై గ్రాములు వచ్చింది. టెహ్రాన్‌లో ప్రింట్ చేసేవారికి ఫోను చేస్తే టైటానియం పొడి అయిపోయిందన్నారు. మళ్లీ ఎప్పుడొస్తుందని అడిగింది.

"దేవుడికి తెలియాలి చెల్లెమ్మా. మాకైతే తెలియదు."

ఇక మిగిలింది ఇసుక అచ్చులో అల్యూమినియం పోత. అచ్చు రెండు ముక్కలుగా విడిపోవాలి కనుక లోపలికి తిరిగే వంపులు పనికిరావు. బోలు కూడా పోయింది. ఆ తరువాత అంతా ఒక్క అంకె మీద ఆగింది. లోహపు గోడ ఎంత పలచగా పోయవచ్చు? ఆరు మిల్లీమీటర్లయితే తొమ్మిదివందల గ్రాములు దాటుతుంది. మూడైతే ఆరువందల నలభై.

ఆ అంకె చెప్పాల్సినవాడు ఉస్తా ఖుద్రత్. లోహం పోసే చిన్న ఫౌండ్రీకి ఉస్తా, అంటే పెద్ద మేస్త్రీ. ఇస్రాఫిల్‌తో కలిసి ఏళ్ల తరబడి కొండ ఎక్కిన స్నేహితుడు.

"బాబాయ్, మూడు మిల్లీమీటర్లు పోయగలరా?"

"మీ నాన్నకేనా? మూడేమిటమ్మా, రెండు పోస్తాను. కళ్లకద్దుకుని పోస్తాను."

"మర్యాదకు అనకండి. కంప్యూటర్‌కు చెప్పుకోవాలి నేను."

"దానికీ నా సలాం చెప్పు. మూడు."

ఆమె మళ్లీ అడిగింది. తబ్రీజ్‌లో పెరిగినవాళ్లెవరైనా అంతే చేస్తారు. మొదటి రెండు జవాబులూ మర్యాదవి, మూడోది మనిషిది. ఖుద్రత్ టీ గ్లాసు కింద పెట్టి, "మూడే అన్నాను కదా" అన్నాడు. ఆమె వెళ్లి ఆ అంకెను ప్రోగ్రాములో వేసింది. ఎదుటివాడి మొహమాటాన్ని లెక్కలోకి తీసుకునే గడి ఏదీ అందులో లేదు.

మొదటి పోతలో లోహం చట్రం సన్నటి కొమ్మల కొసలు చేరకముందే గడ్డకట్టింది. ఇంకా వేడిచేసి పోశారు. ఈసారి నిండింది గానీ, కోసి చూస్తే లోపలంతా బుడగలే. ఆ తరువాతది అచ్చులోంచి తీస్తుండగానే విరిగింది. ప్రతిసారీ ఉస్తా, "రేపు వస్తుందమ్మా" అనేవాడు.

"ఉస్తా, మనం పోస్తున్నది మోకాలా, దోమ రెక్కా?" అన్నాడు అచ్చులు కట్టే పనివాడు.

"నోరు మూసుకుని ఇసుక జల్లించు" అన్నాడు ఉస్తా. 

ఉల్దుజ్ ఉస్తా దగ్గరికి వెళ్లి నెమ్మదిగా అడిగింది. "బాబాయ్, ఐదుకు మార్చనా?"

"మార్చుకుంటే నీ ఇష్టం. నా అంతట నేను మూడు రాదనను."

ఆయన మొహం చూడలేక ఆమె ఇసుక వైపు చూసింది. పదిసార్లు అడిగినా ఆయన మూడనే అనేవాడు. స్నేహితుడి కాలు నా వల్ల కాదని ఏ నోటితో అంటాడు? కోపం తెచ్చుకుందామనుకుంది. ఎవరిమీద తెచ్చుకోవాలో తెలియలేదు.

"ఖుద్రత్‌ను ఇబ్బంది పెట్టకమ్మా" అన్నాడు ఇస్రాఫిల్ భోజనాల దగ్గర. "చంకకర్రలు బాగానే అలవాటయ్యాయి."

"మీరూ మొదలుపెట్టారా నాన్నా?"

"నేనేం మొదలుపెట్టాను?"

"ఏం లేదు. సూపు చల్లారిపోతోంది, తాగండి."

ఐదు వేస్తే ఎనిమిదివందల ముప్పై ఆరు గ్రాములు వచ్చింది. మోకాలి మీద పడే భారాన్ని తగ్గించి చెబితే ప్రోగ్రాము నమ్ముతుంది, ఇంకా లోహం కొరికేసి ఏడువందలకు దించుతుంది. అప్పుడు చట్రం ఎక్కడో ఒక మెట్టు మీద విరుగుతుంది. ఆమె భారం అంకెను ముట్టుకోలేదు. చివరకు ఆ ఎనిమిదివందల ముప్పై ఆరునే ఫౌండ్రీకి పంపింది.

మరుసటి వారం పోత ఒక్క ప్రయత్నంలో నిండుగా వచ్చింది. హుమైరా ఖానుమ్ దాన్ని తూచి, ఉల్దుజ్ వైపు ఒకసారి చూసి, అమర్చింది. "ఈకలా ఉంది" అన్నాడు ఇస్రాఫిల్. శుక్రవారం తండ్రీ, కూతురూ, ఖుద్రత్ ముగ్గురూ కొండకు బయలుదేరారు. మొదటి మలుపు కూడా దాటకముందే ఆయన తుంటి పట్టుకుని దారి పక్కన రాతి అరుగు మీద కూర్చున్నాడు.

"మీరు పదండి. ఇక్కడ ఎండ బాగుంది."

"నాకూ మోకాళ్లు లాగుతున్నాయిలే" అంటూ ఖుద్రత్ పక్కన చేరాడు.

ఉల్దుజ్ ఫ్లాస్కు మూత తీసి ముగ్గురికీ టీ పోసింది. పైనుంచి వస్తున్న పాత పరిచయస్తుడొకడు ఆగి, "ఇస్రాఫిల్, ఎన్నాళ్లకు! అప్పుడే దిగొచ్చేశావా?" అని అడిగాడు. ఇస్రాఫిల్ అవునని తల ఊపాడు.