కాలు కింద పెట్టని మార్కండేయ

వారంలో ఆరు రోజులు మార్కండేయ చీరలు విప్పేవాడు. నిజామాబాద్ గాంధీచౌక్ దగ్గర ఒక బట్టల దుకాణంలో గుమాస్తా. అమ్మలక్కలు వచ్చి తెల్ల పరుపు మీద కూర్చుని, పైనున్నది తియ్యమని, దాని కిందది తియ్యమని, అంచు బాగుంది గానీ రంగు బాగాలేదని, రంగు బాగుంది గానీ అచ్చం ఇలాంటిదే వదినకు ఉందని, చివరికి రేపొస్తామని లేచిపోయేవాళ్లు. మార్కండేయ ముఖంలో విసుగన్నది కనబడేది కాదు. గుట్టలా పడ్డ చీరలన్నీ మళ్లీ మడతలు పెట్టుకునేవాడు. ఏడోరోజున నిజం గుట్టలెక్కేవాడు.

ఎక్కడం కూడా సైకిలు మీద. తొంభైల్లో మా ఊళ్లోకి లావు టైర్ల గేర్ల సైకిళ్లు వచ్చాయి. కంఠేశ్వర్‌లో ఉండే డ్రాయింగ్ మాస్టారు బాపురావు సార్ అందరికంటే ముందు ఒకటి కొన్నారు. డాక్టరు ఆయన్ని బరువు తగ్గమన్నాడు. బరువు తగ్గలేదు గానీ సంఘం పుట్టింది. నిజామాబాద్ పాత పేరు కలిపి 'ఇందూరు గుట్టబాట సైకిల్ సంఘం' అని ఆయనే ముత్యాల్లాంటి అక్షరాలతో బోర్డు రాసి తన వరండాలో తగిలించుకున్నారు. సభ్యులం ఐదుగురం. గేర్ల సైకిళ్లు మాత్రం రెండే, సార్‌ది ఒకటి, మార్కండేయది ఒకటి. మిగతా ముగ్గురివీ మామూలు నల్ల సైకిళ్లు. నాది మరీ అన్యాయం, వెనక క్యారేజీ, ముందు గంట, నేను రోజూ కరెంటాఫీసుకు పోయే సైకిలే అది. ఆదివారం పొద్దున్నే బయల్దేరి, మల్లారం అడవిలో ఎడ్లబండ్ల బాటలు పట్టుకుని, రాళ్ల మీద ఎగిరి, వాగుల్లో దిగి, కాలువకట్ట ఎక్కి, చెరుకు తోటల మధ్య నుంచి తిరిగి మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాళ్లం. తారురోడ్డు శుభ్రంగా ఉండగా ఈ అవస్థ ఎందుకని మా ఆవిడ అడిగేది. నేను గంట కొట్టుకుంటూ గేటు దాటేవాణ్ని.

సంఘానికి ఒకటే నియమం. గుట్ట మీద కాలు కింద పెట్టరాదు. రాయి అడ్డమొచ్చినా, ఇసుకలో చక్రం దిగబడినా తొక్కుతూనే ఉండాలి. కాలు నేలకు తగిలిందంటే ఓడినట్టే. ఓడినవాడు గెలిచినవాడి సంచీ, నీళ్లసీసా, గాలిపంపు మోయాలి. మేం నలుగురం ఏళ్ల తరబడి కూలీల్లా ఎందుకు కనబడేవాళ్లమో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది. మార్కండేయ కాలు పెట్టేవాడు కాదు. చాయ్ హోటల్ ముందు కూడా గుంజ పట్టుకుని సీటు మీదే కూర్చుని తాగేవాడు. రైల్వేగేటు పడితే పక్కనున్న స్తంభాన్ని కావలించుకుని ఆగేవాడు తప్ప దిగేవాడు కాదు. దుకాణంలో సేటు కూడా పేరుపెట్టి పిలవని మనిషికి లోకం మొత్తంలో ఉన్న గొప్ప అదొక్కటే. అందుకే మా సంఘంలో ఎవరినైనా ఆకాశానికెత్తాలంటే "వాడు కాలు కింద వెట్టడు" అనేవాళ్లం. అనీ అనీ మా నోళ్లకు ఆ మాట అలవాటైపోయింది.

ముప్ఫై రెండు దాటినా మార్కండేయకు పెళ్లి కాలేదు. తల్లి భూమవ్వ బీడీలు చేసేది. చాట ఒళ్లో పెట్టుకుని వేళ్లతో ఆకు చుడుతూ నోటితో కొడుకును చుట్టేసేది. "గుట్టలెక్కుడు సాలు గనిరా, ఇగ పెండ్లి పీటలెక్కు" అని పోరేది. ఎక్కడానికి వాడు సిద్ధమే, పీటలే దొరకలేదు. ఒక సంబంధం వాళ్లు పిల్లవాడు చీపురుపుల్లలా ఉన్నాడన్నారు. ఇంకొకరు రోజంతా ఆడవాళ్ల మధ్య కూర్చునే ఉద్యోగం మంచిది కాదన్నారు. మూడోచోట అన్నీ కుదిరాయి గానీ, పిల్ల తండ్రి పొలం గురించి చెప్తుండగా మార్కండేయ కూర్చున్నచోటే నిద్రపోయాడు. ఆ పొద్దున్నే మేం పెద్దగుట్ట ఎక్కించాం.

అప్పుడు రాజారాం అనే పెళ్లిళ్ల మధ్యవర్తి మోస్రా ఊరి సంబంధం తెచ్చాడు. పిల్ల పేరు విమల. బట్టలు కుడుతుంది, బీడీలు చేస్తుంది. తండ్రి లింబయ్య కొంచెం చెరుకు, కొంచెం వరి పండించుకునే రైతు. దుకాణానికి సెలవు కాబట్టి ఆదివారమే చూపులు పెట్టుకున్నారు. ఆదివారం అన్నమాట వినగానే బాపురావు సార్ ముఖం వెలిగిపోయింది.

"మోస్రానే గద! అడవిల కెళ్లి కాలువకట్ట మీదికి ఎక్కుదాం. అవ్వ బస్సుల వస్తది. ఒక్క తొవ్వల రెండు పనులైతయి."

పెళ్లిచూపులకు ఐదు సైకిళ్లతో దండయాత్రలా పోవద్దని చెప్పే బుద్ధి మాలో ఒక్కడికీ లేకపోయింది. మేం చేరేసరికి భూమవ్వ బస్సు దిగి, లింబయ్య ఇంటి అరుగు మీద మర్యాదగా కూర్చుని ఉంది. మోకాళ్ల దాకా బురదతో ఉన్న కొడుకును చూసింది, తర్వాత మమ్మల్ని చూసింది. ఆ చూపు గురించి నేను రాయను.

విమల చాయ్ తెచ్చింది. పళ్లెం మార్కండేయ ముందు పెడుతూ అతని ప్యాంటు వైపు చూసి, ఎవరూ అడగమనకుండానే అడిగింది.

"అడవిలకెళ్లి వచ్చిండ్రా? మోదుగుపూలు పూసినయా?"

మార్కండేయ తలెత్తాడు. "పూసినయి. గుట్ట ఎనుక దిక్కు అంత ఎర్రగున్నది. ఒక్క ఆకు లేదు, అన్ని పూలే. దిగేటప్పుడు గాలికి మీద పడ్తయి."

పదేళ్లలో వాడి నోట అంత పొడుగు మాట మేం వినలేదు. ఇంతకాలం వాడు గుట్టలెక్కి వస్తుంటే ఎందుకెక్కావు, ఎంత ఖర్చయింది, ఎక్కడ పడ్డావు అని అడిగినవాళ్లే గానీ అక్కడ ఏం చూశావని అడిగిన మనిషి లేదు. ఆ క్షణాన వాడికి ఆ పిల్ల మీద మనసైంది. పక్కన కూర్చున్న నాకు కూడా తెలిసిపోయింది. వాడి చేతిలో చాయ్ చల్లారిపోయింది.

అంతా బాగానే ఉంది. ఇక ఒక మంచిమాట చెప్పి కట్టేద్దామని బాపురావు సార్ గొంతు సవరించుకున్నారు.

"లింబన్నా, పిలగాని గురించి నన్నడుగు. పదేండ్ల సంది సూస్తున్న. మావోడు కాలు కింద వెట్టడు."

లింబయ్య చేతిలో బీడీ ఆగింది. "కాలు కింద వెట్టడా?"

"ఒక్కనాడు గూడ వెట్టలే! యాడుంటే ఆడనే. చాయ్ గూడ దిగకుంటనే తాగుతడు, మనమే అందియ్యాలె."

"మరి ఆయినె సామాను గిట్ల ఎవరు మోస్తరు?"

"మేమే మోస్తం" అన్నారు సార్ గర్వంగా. "సంచి, నీళ్లు, అన్ని. నేనింత పెద్దమనిషిని, నేను గూడ మోసిన. కాలు వెడితే ఇజ్జత్ పోతదని ఆయినె పట్టు."

మార్కండేయ సిగ్గుపడి తల వంచుకున్నాడు. పొగడ్తలకు ఎవరైనా సిగ్గుపడతారు కదా. మేం ముగ్గురం అవునవునని తలలూపాం. మూల మంచం మీద కూర్చున్న లింబయ్య తల్లి పెంటవ్వ మాత్రం కొడుకును చూసి నెమ్మదిగా, అందరికీ వినబడేలా అంది.

"గట్లయితే మన పిల్ల గీయిన్ని నెత్తి మీద మోయాల్నారా?"

ముసలావిడ సరసమాడిందనుకుని బాపురావు సార్ గట్టిగా నవ్వారు. తోడుగా మేమూ నవ్వాం. అక్కడ ఇంకెవరూ నవ్వలేదు.

మూడోనాడు రాజారాం జవాబు పట్టుకొచ్చాడు. లింబయ్య చెప్పింది చెప్పినట్టే చెప్పాడు. "మా పెద్దబిడ్డ మొగడు గిట్లనే కాలు కింద వెట్టడు. అది దినమంత బీడీలు జేసి ఆయిన్ని సాదుతున్నది. రెండోదాన్ని గూడ గసొంటోనికే ఇచ్చి కండ్లతోని సూడమంటవా?"

అప్పుడు గానీ మాకు బుర్రల్లో దీపం వెలగలేదు. ఐదుగురం తెలుగుదేశంలో పుట్టి పెరిగి, కాలు కింద పెట్టనివాడంటే కూర్చున్నచోటికి కంచం తెప్పించుకునే సోమరి అని మరిచిపోయాం. అది సైకిలు ముచ్చట అని రాజారాంను మళ్లీ పంపించాం. లింబయ్య అదీ విన్నాడు. "సైకిల్ మీద కూసున్నోడు ఎవడన్న కాలు కింద వెడతడా? గదొక గొప్పనా? ఇల్లు గడ్పుతడా అంటే సైకిల్ ముచ్చట జెప్తరేంది?" అన్నాడట. లింబయ్య అన్నదాంట్లో తప్పేముంది?

మార్కండేయ ఎప్పటిలాగే పనికి పోయాడు. దుకాణంలో చీరలు మడతపెట్టాడు. కాకపోతే ఒకావిడ ఎర్రచీర అడిగితే పచ్చది తీశాడని, పచ్చది అడిగితే ఊరికే చూస్తూ నిలబడ్డాడని సేటు నాతో చెప్పాడు. నాకు బాపురావు సార్ మీద పట్టరాని కోపం వచ్చింది. ఆయనకు ఆయన మీద అంతకంటే ఎక్కువే వచ్చినట్టుంది, బోర్డు తీసి మంచం కింద పెట్టేశారు.

ఆ ఆదివారం మార్కండేయ వరండాకు రాలేదు. వెతుక్కుంటూ పోతే వర్ని రోడ్డు మీద, ఊరు దాటిన తర్వాత కనబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, కొత్త చెప్పులు. సైకిలును చేత్తో పట్టుకుని నడిపించుకుంటూ పోతున్నాడు.

"పంచరా?" అన్నారు సార్.

"కాదు సార్. మోస్రా పోతున్న."

"ఎక్కి పోవచ్చు గద?"

"ఎక్కితే మల్ల కాలు కింద వెట్టడంటరు."

"గట్లయితే సైకిల్ ఇంట్ల వెట్టి రాకపోతివా?" అన్నాన్నేను.

"సైకిల్ లేక నడిచిండనుకుంటరు. ఉండి గూడ నడిచిన అని తెల్వాలె గద."

ఇందులో తప్పు పట్టడానికి చూశాను, దొరకలేదు. బాపురావు సార్ కాసేపు రోడ్డు వైపు, కాసేపు తన పొట్ట వైపు చూసుకున్నారు. "అరే దేవా! నా నోటితోని అయింది, నా కాళ్లతోనే తీరాలె" అని సైకిలు దిగారు. ఆయన దిగాక మేం ఎక్కి ఉంటే బాగుండదు కాబట్టి మేమూ దిగాం. ఐదు సైకిళ్లు, ఐదుగురు మనుషులు, ఒకడి వెనక ఒకడు నడక.

ఆ రోజు వర్ని రోడ్డంతా మమ్మల్ని అడిగింది ఒకే మాట, పంచరా అని. అందరికీ ఒక్కసారే ఎట్లా అయిందని ఒక ముసలాయన చాలా బాధపడ్డాడు. రోడ్డు పక్కన నీళ్లతొట్టి పెట్టుకుని కూర్చున్న పంచర్ల మనిషి ఐదు సైకిళ్లు నడిచి రావడం చూసి లేచి నిలబడి చేతులు తుడుచుకున్నాడు. మేం ఆగకుండా దాటిపోతుంటే అతని ముఖం చూడలేకపోయాను. చెరుకు బండివాడొకడు బండి ఆపి, "ఎక్కుండ్రి, సైకిళ్లు చెరుకు మీద ఏస్కుందం" అన్నాడు. బాపురావు సార్ ఆ బండి వైపు చూసిన చూపులో ఎంత ఆశ ఉందో! మార్కండేయ వద్దన్నాడు. అప్పటికే కొత్త చెప్పులు కరుస్తున్నాయి. వాటిని విప్పి హ్యాండిల్‌కు తగిలించి, వట్టి కాళ్లతో నడిచాడు. మధ్యలో నేను వెనకబడ్డాను. నడిచినా నాది చివరి స్థానమే.

ఎండ నడినెత్తికొచ్చాక మోస్రా చేరాం. లింబయ్య వాకిట్లో పారకు పిడి బిగించుకుంటున్నాడు. పెంటవ్వ మంచం మీద, విమల అరుగు మీద కుట్టుమిషన్ ముందు ఉన్నారు. మార్కండేయ దారి పొడుగునా ఏదో గొణుక్కుంటూనే వచ్చాడు, చెప్పాల్సింది నేర్చుకుంటున్నాడని మాకు తెలుసు. లింబయ్య తలెత్తి చూడగానే నేర్చుకున్నదంతా ఎగిరిపోయింది.

"కాలు కింద వెట్టిన" అన్నాడు. అది చాలదనిపించి, "నిజామాబాద్ సంది వెట్టుకుంటనే వచ్చిన" అన్నాడు.

కుట్టుమిషన్ ఆగిపోయింది.

లింబయ్యకు అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. సైకిలును చూశాడు, టైర్లు నొక్కి చూశాడు. గాలి నిండుగా ఉంది. పెంటవ్వ మంచం దిగొచ్చి, వంగి, మార్కండేయ పాదాలు చూసింది. మడమల మీద బొబ్బలు చితికి మట్టి అంటుకుని ఉంది. "అయ్యో కొడుకా, కూసో" అని చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టింది. విమల చెంబుతో నీళ్లు తెచ్చి అతని కాళ్ల ముందు పెట్టింది.

"గింత దూరం ఎందుకు నడిచినవయ్యా?" అన్నాడు లింబయ్య. అతని గొంతులో కోపం లేదు.

"మా అవ్వ బీడీలు చేసి నన్ను సాదింది" అన్నాడు మార్కండేయ, నేలను చూస్తూ. "ఇంకో ఆడమనిషితోని సాదిపిచ్చుకునేటోన్ని గాదు. గది చెప్పొస్తలేదు నాకు. గందుకే నడిచిన."

బాపురావు సార్ కళ్లు తుడుచుకుని, మా వాడి గురించి నాలుగు మంచిమాటలు చెబుదామని నోరు తెరిచారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాను. పొగడ్తలతో ఒకసారి అయింది చాలు.

లింబయ్య పార పక్కన పెట్టాడు. గాలి నిండిన ఐదు సైకిళ్లనూ, కుంటుతున్న ఐదుగురినీ మార్చి మార్చి చూసి, కూతురి వైపు తిరిగాడు.

"మొన్న సోమరోడు అనుకున్నం. ఇయ్యాల సూస్తే పిచ్చోడు లెక్కనే ఉన్నడు. సైకిల్ చేతుల వెట్టుకోని గింత దూరం నడిచొస్తడా ఎవడన్న? ఏం జేద్దం బిడ్డా, నువ్వే చెప్పు."

విమల తండ్రి వైపు చూడలేదు. చెంబు వంచి మార్కండేయ కాళ్ల మీద నీళ్లు పోస్తూ అంది.

"సోమరోడైతే నాకు నడవది బాపు. పిచ్చోడైతే నడుస్తది."