మా అత్తగారు చెప్పలేకపోయిన స్తోత్రం

"మన సంఘపు తల్లి ప్రభువునందు నిద్రించారు" అని పోయిన నెలలో ఒక రోజు మా సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అప్పటికి నేను ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని అంబులెన్సు కోసం చూస్తున్నాను. ఆ మాట చదవగానే నాకు ఒళ్ళు మండింది. మా అత్తగారు నిద్రపోగా నేను చూసి ఏళ్ళయింది. వీధిలో కుక్క మొరిగినా లేచి కూర్చునే మనిషి. ఆవిడ నిద్రించలేదు, చనిపోయారు. షుగరుతో కిడ్నీలు పాడై, కొడుకు వస్తాడని చూసి చూసి, అతను రాకుండానే చనిపోయారు. ఇలా చెప్పుకుంటేనే నాకు నిజం చెప్పినట్టుంది.

ఆ కొడుకు నా భర్త. పోర్టులో కాంట్రాక్టు కింద లోడరు నడిపేవారు. ముందు పని ఆగిపోయింది, తరవాత మాట ఆగిపోయింది. నాతో మానేసి కొన్నాళ్ళు తల్లితో మాట్లాడారు, తరవాత ఆవిడతోనూ మానేశారు. రోజంతా గోడకి ఆనుకుని కూర్చునేవారు. డాక్టరుకు చూపించాం, మందులు మింగించాం, ప్రార్థన చేయించాం. ఒక ఆదివారం మేమిద్దరం ఆరాధనకి వెళ్ళి వచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల మనిషి లేరు. ఫోను టీవీ పక్కన ఛార్జింగులో ఉంది, చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి. మాకు పిల్లలు లేరు. మల్కాపురంలో ఆ రెండు గదుల ఇంట్లో, కిటికీ ఊచల మీద పేరుకునే నల్లటి దుమ్ము తుడుచుకుంటూ ఆవిడా నేనూ మిగిలాం.

పోలీసు కంప్లయింటు ఇచ్చాం, ఫొటో కాగితాలు అంటించాం. ఇంక చేసేదేముంది, ఎదురుచూడటమే అనుకున్నాను నేను. ఆవిడ అలా అనుకోలేదు. మోకాళ్ళ నొప్పులతోనే రైల్వేస్టేషను, బస్టాండు, రుషికొండ బీచిలో బజ్జీల బళ్ళ వెనక, మనిషి ఊరికే కూర్చోడానికి ఎక్కడ వీలుంటే అక్కడల్లా తిరిగారు. ఊరూ పేరూ చెప్పనివాళ్ళు సింహాచలంలో ఉచిత భోజనాల దగ్గర చేరతారని ఎవరో అంటే అక్కడికీ బయలుదేరారు. నేనూ వెంట వెళ్ళాను. వరసలో ఉన్న ఒక్కొక్కరి ముఖంలోకీ ఆవిడ వంగి చూస్తుంటే, పూలమ్మే ఒకామె మా బోసి నుదుళ్ళు చూసి అడిగేసింది.

"ఏటప్పా, ప్రభువు బిడ్డల్లాగున్నారు, కొండకొచ్చారేటి?"

"నా కొడుక్కి ఆకలేత్తే బువ్వెక్కడ దొరుకుతాదో అక్కడికే వత్తాను తల్లీ," అన్నారు మా అత్తగారు. "బువ్వకి బొట్టేటి, సిలువేటి?"

ఆమె మా దగ్గర ఫొటో అడిగి తీసుకుని పూలబుట్ట పక్కన పెట్టుకుంది. చాలాకాలం పాటు ఆ దారిన వెళ్ళిన మా వీధివాళ్ళు ఫొటో ఇంకా అక్కడే ఉందని చెప్పేవారు. ఈ సంగతి తెలిసి మా సంఘంలో కొందరు మూతి ముడుచుకున్నారు. ఆవిడ పట్టించుకోలేదు.

ఆవిడని ఏ పుణ్యాత్మురాలో అనుకోకండి. షుగరు ఉండి కూడా నేను మెడికల్ షాపులో డ్యూటీకి వెళ్ళగానే టీలో రెండు చెంచాల పంచదార వేసుకునేవారు. అడిగితే చీమలు తిన్నాయనేవారు. ఆరాధనకి ఆలస్యంగా వచ్చేవాళ్ళని పేరు పెట్టి ఏడిపించేవారు. కొడుకు నంబరు వేరేవాళ్ళకి పోకూడదని ఆయన ఫోను క్రమం తప్పకుండా రీఛార్జి చేయించి, ఆ సిమ్ కంపెనీ వాళ్ళు ఫోను చేస్తే ఎత్తి, "ఆడింట్లో నేడు బాబూ, వత్తాడు, అప్పుడు సెయ్యండి" అని మర్యాదగా చెప్పేవారు. బస్టాపులో నేను విసుక్కుంటుంటే, "తిట్టుకుంటా నిలబడినా బస్సు అదే టయానికి వత్తాది, పాడుకుంటా నిలబడినా అదే టయానికి వత్తాది" అని నిజంగానే కూనిరాగం తీసేవారు. నాకు నవ్వొచ్చేది. ఆ ఇంట్లో నేను నవ్విన నవ్వులన్నీ ఆవిడ వల్లనే.

అప్పుడప్పుడూ పోలీసు స్టేషను నుంచి ఒక ఫోను వచ్చేది. అలాంటి ఫోను మీలో ఎవరికీ ఎప్పుడూ రాకూడదు. "గుర్తు తెలియని మగమనిషి. పెద్దాసుపత్రి మార్చురీలో ఉన్నాడు. మీవాడేమో వచ్చి చూసుకోండి" అంటారు. మొదటిసారి వెళ్ళినప్పుడు గుమ్మం దగ్గరే నేను ఆగిపోయాను. "నువ్వు బయట కూకో" అని ఆవిడ ఒక్కరే లోపలికి వెళ్ళారు. కొంచెంసేపటికి వచ్చి, "కాదు" అన్నారు. నా దగ్గర సీసా తీసుకుని గడగడా నీళ్ళు తాగారు. మళ్ళీ లోపలికి నడిచారు. అక్కడి పనివాడు అడ్డొచ్చాడు.

"మీవోడు కాదన్నావు గదమ్మా, మల్లీ ఏటి?"

"ఎవులోడో ఒకలోడు గదా బాబూ. ఒక్క మాట ప్రార్థన సేసుకొని ఎల్లిపోతాను."

అతను పక్కకి జరిగాడు. ఆ తరవాత ఎప్పుడు వెళ్ళినా అతనే స్టూలు తెచ్చి వేసేవాడు. ప్రతిసారీ నేను బయట కూర్చునేదాన్ని. ఆయన అయి ఉండకూడదని కోరుకునేదాన్ని. ఆయనే అయి ఉంటే ఇది ఇక్కడితో తీరిపోతుంది కదా అని కూడా అనిపించేది. రెండూ ఒకేసారి అనిపిస్తాయి, నమ్మండి.

మా ఆరాధనలో పాటల తరవాత సాక్ష్యాల సమయం ఉంటుంది. ఆ వారం దేవుడు చేసిన మేలు లేచి నిలబడి చెప్పాలి. ఒకరికి ఉద్యోగం వస్తుంది, ఒకరికి కాన్పు సుఖంగా అవుతుంది, ఒకరి స్కూటీ లారీ కిందికి వెళ్ళబోయి తప్పుతుంది. చివర్లో "ప్రభువుకే స్తోత్రం" అంటే అందరూ "ఆమేన్" అంటారు. మొదటిసారి మార్చురీకి వెళ్ళొచ్చాక వచ్చిన ఆదివారం మా అత్తగారు లేచారు.

"పెద్దాసుపత్రికి రమ్మన్నారు. ఎల్లాను, సూసాను. మావోడు కాదు."

"స్తోత్రం!" అన్నారు అందరూ.

"ఉండండి," అని ఆవిడ చెయ్యెత్తారు. "నానూ స్తోత్రం సెప్దారనే నోరు తెరిసాను. మాట రానేదు. ఆడు మావోడు కాదు గానీ ఎవులో తల్లికి కొడుకే గదా. ఆ తల్లి ఇప్పుడు ఏ గుడి కాడో, ఏ మసీదు కాడో కూకొని నా బిడ్డని కాపాడమని అడగతంటాది. ఆ తల్లి కొడుకు పోనాడని నాను స్తోత్రం ఎలగ సెప్పను? నాకేటీ తోసనేదు. ఆ తల్లి కోసం ప్రార్థన సెయ్యండి."

కూర్చున్నారు. ఆమేన్ అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. పాస్టరు గారు గొంతు సవరించుకుని పాట మొదలుపెట్టారు.

ఆ సాయంత్రమే సంఘ పెద్ద మా ఇంటికి వచ్చాడు. వరసకి ఆవిడకి తమ్ముడవుతాడు. చెడ్డవాడు కాదు, మా ఇంటికి ఎన్నోసార్లు బియ్యం మోసుకొచ్చినవాడే.

"అక్కా, సాక్ష్యమంటే ఇన్నోలికి ఇశ్వాసం పెరగాల. నువ్వు సెప్తంటే ఉన్నది కూడా పోతన్నాది. ఆడింక రాడు. పోనోలికి పెడతారు గదా, ఆ ఆదరణ కూడిక పెట్టీసుకుందాం. ఈ పిల్లకైనా ఒక దారి దొరుకుతాది."

"జరిగిందే సెప్పాను తమ్ముడూ. జరగంది ఎలగ సెప్పను?" అన్నారావిడ. "మేలు జరిగినాకే లేచి సెప్తానులే. కూడిక మాటెత్తకు. సచ్చిపోనాడని నా నోటితో నానెలగ అంటాను?"

ఆ తరవాత ఆవిడ సాక్ష్యాలకి లేవలేదు. ప్రార్థన అంశాలు అడిగినప్పుడు మాత్రం చెయ్యెత్తేవారు. "తెలుసమ్మా" అనేవారు పాస్టరు గారు, ఆవిడ నోరు విప్పకముందే. కుర్రకారు ముసిముసిగా నవ్వుకునేవారు. బయటి ఊరి నుంచి వచ్చిన ప్రసంగీకుడు ఒకాయన, ప్రార్థనకి జవాబు రాకపోతే మనలోనే ఏదో దాచుకున్న పాపం ఉన్నట్టు అని మైకులో అరిచాడు. దారిలో నేను ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆవిడ మాత్రం, "పాపం, ఆయనకింకా ఏటీ పోనేదు కాబోలు" అని ఊరుకున్నారు.

ఊరుకోవడం నావల్ల అయ్యేది కాదు. ఒకసారి అన్నం ముందు కూర్చుని అడిగేశాను. "మీ దేవుడు అసలు వింటున్నాడా అత్తా?"

ఆవిడ కోపగించుకోలేదు. "ఇంటన్నాడో నేదో నాకెలగ తెలుస్తాదమ్మా? నాను సెప్పడం మానీసినాననుకో, ఇంటన్నా ఆయనకి ఇనిపించేదేటి?" అన్నారు. నా కంచంలో కూర వేస్తూ మళ్ళీ అన్నారు. "నువ్వెల్లిపోమ్మా. మీ అన్నయ్య సంబంధం సూత్తానంటన్నాడు గదా, సేసుకో. ఆడికోసం నాను సూత్తాను. ఒక్క మనిషి కోసం ఇద్దరు కూకోడమెందుకు?"

కన్నకొడుకు భార్యతో ఆ మాట అనగలిగిన మనిషిని మీరు చూశారా? నేను వెళ్ళలేదు. ప్రేమతోనో నమ్మకంతోనో ఆగానని గొప్పలు చెప్పుకోను. ఆవిడ పక్కన కూర్చుంటే ఎదురుచూపు కొంచెం తేలికగా ఉండేది, అంతే. ఆవిడ దేవుణ్ణి నమ్ముకున్నారు, నేను ఆవిడని నమ్ముకున్నాను. ఇప్పుడు ఆ మనిషే లేరు. పైనున్నాయనకీ నాకూ నేరుగా పరిచయం లేదు. ఇంట్లో మా ఆయన ఫోను, ఆయన చెప్పులు, ఆవిడ కళ్ళజోడు, నేను ఉన్నాం. ఆయన వస్తే ఏం చెప్పాలి, రాకపోతే ఎన్నాళ్ళుండాలి అని అడగడానికి ఎవరూ లేరు. పొద్దున్నే లేచి షాపుకి వెళ్తున్నాను కానీ ఎందుకు వెళ్తున్నానో నాకు తెలియదు.

చివరి రోజుల్లో ఆసుపత్రిలో ఆవిడ కూడా అలిసిపోయారు. ఈ మాట రాయకుండా ఉంటే బాగుంటుందని మా పాస్టరు గారు అన్నారు. రాస్తాను. ఆవిడ నిబ్బరంగా పాటలు పాడుకుంటూ వెళ్ళిపోలేదు. ఒక మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని, "ఇంక నావల్ల కాదమ్మా. అడిగి అడిగి నోరెండిపోనాది. ఆయనేటీ అననేదు" అన్నారు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు రావడం నేను చూడటం అదే మొదటిసారి. నాకు భయమేసింది. కొడుకు వెళ్ళిపోయినప్పుడు కూడా ఆవిడ ముఖంలో అంత భయం చూడలేదు నేను.

"ఇప్పుడెలా అత్తా?" అన్నాను, పసిపిల్లలా.

"నువ్వడుగు."

"నాకు రాదు."

"రాకపోతే మాటాడకు. ఆయన కాడ ఊరికే కూకో." కళ్ళు మూసుకుని, "నాను సేసింది కూడా అదే" అన్నారు.

మర్నాడు పొద్దున్నే ప్రాణం పోయింది.

సమాధుల తోటలో ఎండ మండిపోతోంది. పెట్టె గోతిలోకి దించారు. తాళ్ళు పైకి లాగేశారు. పాస్టరు గారు వాక్యం చదివి ముగించి, పక్కనున్న సంఘ పెద్దకి సైగ చేశారు. మాలో మొదటి పిడికెడు మట్టి కొడుకు వెయ్యాలి. ఆ తరవాతే తక్కినవాళ్ళు. కొడుకు లేనప్పుడు ఎవరిని పిలవాలో అందరికీ తెలుసు, కోడలు ఉంది కదా. నేను అప్పటికే వంగి మట్టి తీసుకున్నాను.

సంఘ పెద్ద అలవాటు కొద్దీ, "కొడుకు ముందుకి" అన్నాడు. అని ఆగిపోయాడు.

అతను తల తిప్పి గేటు వైపు చూశాడు. అతన్ని చూసి పాస్టరు గారూ అటు చూశారు. పాడుతున్న ఆడవాళ్ళు చూశారు. ముసిముసి నవ్వుల కుర్రాళ్ళు చూశారు. ఏమైందో తెలియక పారలు పట్టుకున్న కూలీలు కూడా అటు తిరిగారు. ఇన్నేళ్ళూ ఇంక రాడమ్మా, వదిలెయ్యమ్మా అని చెప్పినవాళ్ళే వాళ్ళంతా. గేటు బయట రోడ్డు మీద ఒక ఆటో వచ్చి ఆగింది. పాట ఆగిపోయింది. ఎవరో ముసలాయన దిగి, సంచీ భుజాన వేసుకుని, అవతలి సందులోకి వెళ్ళిపోయాడు.

అయినా ఎవరూ తలలు తిప్పలేదు. కానివ్వండి అని ఎవరూ అనలేదు. పిడికిట్లో మట్టి చెమటకి తడిసి ముద్దవుతుంటే, వాళ్ళతోపాటు నేనూ అటే చూస్తూ నిలబడ్డాను.