కాలివేళ్లు వెచ్చబడేదాకా

కొడవలి మొన దూర్చడానికి కట్టుకీ చర్మానికీ మధ్య సందే దొరకలేదు. మా అత్త నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగుతోంది. నేను వదిలించుకుని మళ్లీ మోకాలి కింద మొదలుపెడుతున్నాను. మా ఆయన గోడకు ఆనుకుని, పంచె అంచు పళ్ల మధ్య కరిచిపెట్టి, కళ్లు మూసుకున్నాడు.

"కట్టినోడే ఇప్పాలె పిల్లా. ఇంకొకలు చెయ్యి పెడితె బొక్క అతుకదు. జిందగంత కుంటుకుంట తిరుగుతడు నా కొడుకు."

"కాలుంటె గద అత్తా కుంటేది" అన్నాను. పెళ్లయి వచ్చాక ఆమెను అంత మాట అనడం అదే మొదలు.

ముందురోజు సాయంత్రం తాండూరు నాపరాళ్ల గనిలో బండ జారి ఆయన కాలి మీద పడింది. మోకాలికీ మడమకీ మధ్య ఎముక విరిగింది. మా దిక్కు ఎముక విరిగితే బషీరాబాద్ వైపున్న కట్ల తాత దగ్గరికే పోతారు. మంచి ముసలాయన. మా నాన్న చెయ్యి సరిచేసిందీ ఆయనే కాబట్టి నేనే ముందు బండి కట్టమన్నాను. తాత ఎముకను సరిగ్గా కూర్చి, మినప్పిండి, గుడ్డు తెల్లసొన కలిపి పట్టించి, గుడ్డ చుట్టి, వెదురు బద్దలు పెట్టి బిగించాడు. ఆ పిండి ఎండితే రాయి అవుతుంది. లోపల కాలు ఉబ్బుతూ ఉంటే బయట కట్టు ఇంకా బిగుసుకుంటుంది. ఆ సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. పైగా ఆయన మూలిగినకొద్దీ మా అత్తకు ధైర్యం వచ్చింది. "నొస్తున్నదంటె బొక్క పట్టుకుంటున్నట్టు" అని చూడవచ్చినవాళ్లందరికీ చెప్పింది.

తెల్లవారి చూస్తే ఆయన బొటనవేలిని గండుచీమ కరిచి పట్టుకుని ఉంది. ఆయన కదలనైనా లేదు.

"చీమ కరుస్తలేదా?" అన్నాను.

"యాడ?"

దాన్ని లాగి పారేసి వేలు గట్టిగా గిల్లాను. అదీ తెలియలేదు. వేళ్లు చల్లగా, నీలంగా ఉన్నాయి. పిక్కలో మాత్రం నిప్పులు పోసినట్టుందని ఏడుస్తున్నాడు. పైన అంత నొప్పి, కింద ఏమీ లేదు. అందుకే కొడవలి తెచ్చాను.

కట్టు చివరికి పెంకులా విరిగి ఊడింది. లోపలి కాలు చూసి అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. పిక్క తొడంత లావై, చర్మం నూనె రాసినట్టు మెరుస్తోంది. రెండు బద్దలు కాలికి అటూ ఇటూ వదులుగా పెట్టి, గని పనివాళ్లు నులకమంచం మీద ఆయనను స్టేషన్‌కి మోశారు. వికారాబాద్ పోయే ప్యాసింజరు ఎక్కించాం.

రైల్లో అత్త నాతో మాట్లాడలేదు. ఎదురుగా కూర్చున్న ఒకామెతో చెప్పింది.

"చూసినవా అక్కా, నా కోడలు డాక్టరీ సదివింది."

"అట్లనా? ఏ ఊర్ల?"

"మా ఇంట్లనే. కొడవలితోని."

ఇంకోనాడైతే నేనే నవ్వేదాన్ని. ఆరోజు ఆయన పాదం ఒళ్లో పెట్టుకుని ప్రతి స్టేషన్‌లోనూ వేళ్లు ముట్టుకుని చూస్తూ కూర్చున్నాను. కట్టు తీసినా అవి చల్లగానే ఉన్నాయి.

వికారాబాద్ దవాఖానాలో డాక్టరమ్మ కోస్తా వైపు నుంచి వచ్చిన మనిషి. పిక్క నొక్కి చూసింది. చెక్కలా ఉందంటూ తల ఊపింది. తరువాత బొటనవేలిని మెల్లగా పైకి వంచింది. గిల్లితే తెలియని ఆ మనిషి పిక్క పట్టుకుని పెట్టిన కేకకు పక్క మంచాలవాళ్లు లేచి కూర్చున్నారు.

"పాదం మీద నాడి తగులుతోంది కానీ దాన్ని నమ్మడానికి లేదమ్మా" అంది. "కండ చుట్టూ సాగని పొర ఉంటుంది. లోపల వాపుకి చోటు లేక నెత్తురు ఆడటం లేదు. కండ చచ్చిపోతోంది. ఇప్పుడే పొడుగునా కోసి ఆ పొర వదులు చెయ్యాలి."

"బొక్క ఇరిగితె తోలు కోసుడేంది తల్లీ?" అంది అత్త. నా వైపు తిరిగింది. "పొద్దుగాల కట్టు కోసినవ్. ఇప్పుడు కాలు కోయిస్తున్నవ్. నీ కడుపు సల్లగుండ."

ఆయన వాళ్లమ్మను చూశాడు, నన్ను చూశాడు.

"నువ్వేమంటవే?"

ఆయన వేళ్లు మళ్లీ ముట్టి చూశాను, చల్లగానే ఉన్నాయి.

"కోయనియ్యి" అన్నాను.

లోపలికి తీసుకుపోయారు. అత్తా నేనూ వరండాలో చెరొక స్తంభం దగ్గర కూర్చున్నాం. ఎండ ఒక స్తంభం దాటి ఇంకో స్తంభం మీదికి పోయింది. ఆయనను బయటికి తెచ్చేసరికి కాలి రెండు వైపులా గాట్లు. కుట్లు వేయలేదు, తడిగుడ్డలు కప్పి అట్లాగే తెరిచి ఉంచారు. చూడలేక నేను మంచం పట్టె చూస్తూ నిలబడ్డాను.

"కండ కొంత నల్లబడింది" అంది డాక్టరమ్మ. "మిగతాది పొద్దుటికి తెలుస్తుంది. వేళ్లు వెచ్చబడితే కాలు నిలుస్తుంది. లేదంటే ప్రాణం కోసం తీసెయ్యాలి. కాలి కింద ఎత్తు మాత్రం పెట్టకండి, ఎత్తితే దిగే ఆ కాస్త నెత్తురూ దిగదు."

ఆ మాట అత్తకు వినబడలేదో, విననట్టు ఊరుకుందో. దుప్పటి మడిచి కాలి కింద పెట్టింది. నేను తీశాను. మళ్లీ పెట్టింది. మళ్లీ తీసి, ఆ దుప్పటి మీదే నేను కూర్చున్నాను. ఆమె విసురుగా లేచి వరండాలోకి పోయింది.

మర్నాడు పొద్దున తొట్టి దగ్గర ముఖం కడుక్కుని వచ్చాను. ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు. వేళ్లు పట్టుకుని చూస్తే నాకేమీ తెలియలేదు. నీళ్లలో తడిసిన నా చేతులే మంచులా ఉన్నాయి. వార్డులో అందరూ చూస్తున్నారని కూడా అనిపించలేదు. వంగి, నా చెంప ఆయన వేళ్లకు ఆనించాను.

"ఎవలు?" అన్నాడు, కళ్లు తెరవకుండానే.

నేను లేవలేదు. బొటనవేలు వెచ్చగా ఉంది. దాని పక్కదీ. చిటికెనవేలు ఇంకా రావాలి.

గుమ్మంలో అత్త నిలబడి ఉంది. "ఎట్లున్నది?" అంది, నిన్నటి నుంచి నాతో మొదటి మంచి మాట.

"చేతులు రుద్దుకోని రా అత్తా. సల్లగుంటె ఏం తెలుస్తలేదు" అని, మంచం పక్కన ఆమెకు జాగా ఇచ్చాను.