షిగే కుట్టిన దిండు

షిగేది మా వెనక వీధి. భర్త పోయాక కొండవాలు చేను ఒక్కతే సాగు చేసుకుంటూ, బార్లీ అన్నం పెట్టి కొడుకు కంజిరోను పెంచింది. ఏదైనా పట్టుకుంటే వదలని మనిషి.

ఆ ఏడు చైనా మీద గెలిచాం, తైవాన్ దీవి మనదైంది. అది ఏ దిక్కున ఉందో తెలియనివాళ్లు కూడా లాంతర్లు పట్టుకుని ఊరేగారు. నాది అద్దకం దుకాణం. ఊరి సర్కారు కచేరీ కోసం ఎర్ర సూర్యుడి జెండాలు అద్దలేక చచ్చాను. గెలిచామన్నారు గానీ సైన్యంలోకి తీసుకెళ్లిన కుర్రాళ్లను ఇళ్లకు పంపలేదు. దీవివాళ్లు లొంగడం లేదట, కంజిరోను అటు తోలారు.

వాడి ఉత్తరం షిగేకు నేనే చదివి పెట్టాను. "మూడు పూటలా తెల్లన్నమే అమ్మా. కాళ్లు మాత్రం నావి కానట్టున్నాయి. వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోతోంది."

షిగే ముఖం పాలిపోయింది.

"ఇది పట్నం జబ్బండీ. వెనకటికి పనికని ఎడో పట్నం పోయి, తెల్లన్నం మరిగి మా ఆయనా ఇలాగే మంచమెక్కాడు. ఇంటికొచ్చి బార్లీ తిన్నాక నెల్లో లేచి తిరిగాడు."

ఊళ్లో ముసలాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. సైన్యంలో పెద్దలకే తెలియలేదు. వేయించిన బార్లీ బస్తా మోసుకుని షిగే కచేరీకి వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. సైనికులకు పంపే కానుకలు అక్కడ మూటలు కడుతున్నారు.

"గుర్రాలకా ఇది?" అన్నాడు గుమాస్తా హొరిగుచి.

"మా వాడికి బాబూ."

"చక్రవర్తిగారి సైనికుడికి బార్లీనా? తెల్లదొరల్లా మనమూ దీవులు ఏలుతున్నాం. మన ఊరికి తిండికి గతి లేదని జిల్లా అంతా చెప్పుకోవాలా?"

"ఏలాలంటే ముందు వాడు నిలబడాలి కదా."

అందరూ నవ్వారు. బస్తా బయట పెట్టించాడు. షిగే రెండు రోజులు నడిచి వెళ్లి రేవులో సైనిక వైద్యుణ్ణి అడిగితే, ఇది క్రిముల వల్ల వచ్చే రోగం, నీకేం తెలుసు పొమ్మన్నాడట. ఎవరికి చెప్పుకోవాలి ఇక?

చివరికి మామూలుగా దిండ్లలో నింపే పొట్టు బదులు ఆ బార్లీ కుక్కి, మందపాటి గుడ్డతో దిండు కుట్టింది. హొరిగుచి మెచ్చుకుని మరీ మూటలో పెట్టాడు.

"దిండు విప్పి రోజూ గుప్పెడు తినమని రాయండి," అంది నాతో.

హొరిగుచి ప్రతి ఉత్తరమూ చదివాకే పంపుతాడు. ఇది చూశాడంటే నా జెండాల పని ఊడినట్టే. "అమ్మ కుట్టిన దిండు. రోజూ దీనిమీదే పడుకో" అని రాసి, ఆమెకు మాత్రం ఆమె చెప్పినట్టే చదివి వినిపించాను. తడిమితే వాడికే తెలుస్తుందిలే అనుకున్నాను. పిరికివాడికి సాకులు బాగా దొరుకుతాయి.

వసంతంలో కంజిరో గుర్తుగా మిగిలిన గోళ్లూ వెంట్రుకలూ పొట్లం కట్టుకుని తోటి సైనికుడు ఉమెకిచి వచ్చాడు.

"ఆ దిండు వదిలేవాడు కాదు పిన్నీ. గట్టిగా ఉంది, విప్పి చూద్దామంటే, అమ్మ కుట్టు పాడవుతుందనేవాడు. దాంతోపాటే దహనం చేశాం."

"నా ఉత్తరం చదవలేదా వాడు?"

"రోజూ చదివేవాడు."

షిగే నావైపు తిరిగింది. "నేను చెప్పిందే రాశారు కదండీ?"

"అదే రాశాను," అన్నాను.

"అయితే వాడే నా మాట వినలేదు," అంది.