గ్రానైట్ వెనక శాసనం

నల్లగండ్లలో ఫ్లాటు కొన్న కొత్తలో, పక్కనున్న పాత శివాలయం కాకతీయుల నాటిదని తెలిసి మా అపార్ట్‌మెంటంతా పొంగిపోయింది. అందరం చందాలు వేసుకుని గోడలకు టైల్స్ వేయించాం, నందికి బంగారు రంగు కొట్టించాం. తరవాత మా ప్రెసిడెంటు గారు ఒక చరిత్ర ప్రొఫెసరును పిలిపించారు.

దండలు, ఫొటోలు అయ్యాక ప్రొఫెసరు, "శాసనం ఎక్కడండి? అప్పట్లో గుడికి భూములిచ్చినవాళ్ల పేర్లు అందులోనే ఉంటాయి" అన్నారు.

"గోడకు జిడ్డోడుతూ ఒక నల్లరాయి ఉండేది. అదేనాండీ?" అని నసిగారు ప్రెసిడెంటు గారు.

"ఏడికి పోలే సార్, గీ గ్రానైట్ ఎనకాలనే ఉన్నది" అన్నాడు పూజారి.

ఆ గ్రానైట్ పలక మీద మా చందాదారుల పేర్లు తళతళలాడుతున్నాయి. మూడో వరుసలో నా పేరు.

"తీయిస్తే?" అన్నారు ప్రొఫెసరు.

"సిమెంటు పెట్టి అతికించిర్రు సార్. తీస్తే శాసనం అక్షరాలు గూడ ఊడొస్తయి."

ప్రొఫెసరు తన మెడలోని దండ తీసి నందికి వేసి వెళ్లిపోయారు. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మర్నాడు మీటింగు పెట్టుకున్నాం. పలక తీయిద్దామని ఒక్కరూ అనలేదు, నాతో సహా. దాని పక్కనే ఇంకో పలక వెలిసింది: "దీని వెనుక ప్రాచీన శాసనము కలదు."

కింద దాత పేరు కూడా ఉంది.