ఉయ్యాల మీది కెమెరా

మా బాబుకి అయిదో నెల. నేను ఇంట్లో కూర్చునే ఉద్యోగం చేస్తాను. శ్రీకాకుళంలో మేం ఉండే అద్దె ఇంట్లో లోపలి గదిలో నా లాప్‌టాప్, ముందు గదిలో ఉయ్యాల. పిల్లాణ్ణి చూసుకోడానికి మా అత్త కళింగపట్నం నుంచి వచ్చింది, ఎండుచేపల బేరం చెల్లెలికి అప్పగించి మరీ. ఆవిడ రాకపోతే నా ఉద్యోగం ఎప్పుడో పోయేది.

అత్త ఉన్నా నాకు బెంగే. వాడు నిద్రలో ఊపిరి తీస్తున్నాడా, ముఖమ్మీద దుప్పటి పడిందా అని. అందుకని ఉయ్యాల పైన చిన్న కెమెరా కట్టి, తీగ కిటికీలోంచి నా బల్ల దాకా లాగాను. అత్త ఒప్పుకుంది గానీ ఒక్క మాట అంది.

"నూనె రాసినప్పుడు మాత్రం అది తీసెయ్యాల. దిష్టి సుక్క ఎట్టకుండా పిల్లణ్ని ఎవులూ సూడకూడదు. నన్నూ సూడకూడదు."

నూనె రాసేటప్పుడు ఆవిడ చీర మోకాళ్ళ పైకి దోపుకుని, కాళ్ళు చాపి, వాటి మీద వాణ్ణి బోర్లా పడుకోబెట్టుకుంటుంది. "తీసేస్తానత్తా" అన్నాను. రోజూ ఆ వేళకి తీగ పీకేసేదాన్ని.

నా పని కూడా కెమెరాలతోనే. కెమెరాకి కనబడేదాన్ని తీసుకుని పరిశీలించే ప్రోగ్రాం రాస్తున్నాను. దానికి వాడే లైబ్రరీలో, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడులో, కెమెరాని రెండు రకాలుగా అడగవచ్చు. వరస నంబరుతో అడిగితే ఒక్క ముక్కలో అయిపోతుంది. సున్నా అంటే లాప్‌టాప్‌ది, ఒకటి అంటే ఉయ్యాల మీదిది. పేరుతో అడగాలంటే, తగిలించి ఉన్న కెమెరాల పేర్లన్నీ తెప్పించుకుని, కావలసిన పేరు వెతికి, దాన్నే తెరవమనాలి. నంబరు కెమెరాది కాదు, కంప్యూటరు ఆ పూటకి ఇచ్చిన వరస. అది మారిపోవచ్చని నాకు తెలుసు. తర్వాత చూద్దాంలే అని సున్నా పెట్టి వదిలేశాను.

మొన్న పొద్దున్న కరెంటు పోయింది. నా లాప్‌టాప్ బ్యాటరీ పాతది, వెంటనే ఆరిపోయింది. కరెంటు రాగానే వేసి మీటింగులో చేరాను. ఆ కంగారులో తీగ పీకడం మరిచిపోయాను. ప్రోగ్రాం చూపించమన్నారు. నా తెర అందరికీ కనబడేలా పెట్టి నడిపాను. లాప్‌టాప్ మళ్ళీ లేచినప్పుడు కెమెరాల వరస తారుమారైనట్టుంది, నా ముఖం రావలసిన చోట మా అత్త వచ్చింది. ఆవిడ మోకాళ్ళు, నూనె గిన్నె, ఒంటి మీద ఏమీ లేని మా బాబు.

నేను ఆపేలోగానే ఎవరో అన్నారు. "మేడమ్, ఆవిణ్ణి మాకూ ఓ పూట పంపండి, నడుములు పట్టేశాయి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మీటింగు అయ్యాక చేసిన మొదటి పని ప్రోగ్రాం సరిచేయడం. పేరుతో వెతికేలా రాశాను. పేరు దొరక్కపోతే దేన్నీ తెరవకు అని కూడా రాశాను. తీగ పీకి, పెట్టి, మళ్ళీ పీకి చూశాను. ఎటు చేసినా పొరబడలేదు. అది అంత చక్కగా పనిచేస్తుంటే నాకు మరీ ఇదిగా ఉంది.

"అన్నం సల్లారిపోతన్నాది, తినవే" అంది అత్త. కంచం ముందు కూర్చుని చెప్పేశాను.

"ఎవులు సూసారు?"

"నాతో పనిచేసేవాళ్ళు."

"మొగోళ్ళా?"

"వాళ్ళూ ఉన్నారు."

ఆవిడ కుచ్చెళ్ళు పాదాల మీదికి లాక్కుంది, ఇప్పుడెవరో చూస్తున్నట్టు.

సాయంత్రం బాబుని నా ఒళ్ళో కూర్చోబెట్టి, నౌపడ ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట్లో పట్టుకుంది. "పేర్లు సెప్పు. ఊరికే తీస్తే దిష్టి పోదు."

ఒక్కొక్కరి పేరే చెప్పాను. ఆవిడ ఆ పేరు నోరు తిరిగినంత మేరకి పలికి, వాడి చుట్టూ చెయ్యి తిప్పింది. ఉత్తరాది వాళ్ళ పేరొకటి చెబితే, "మడిసి పేరా, మందు పేరా?" అంది. ముఖంలో నవ్వు లేదు.

"అయిపోనారా?"

"అయిపోయారు."

"ఆళ్ళు నవ్వినారా?"

"నవ్వారు."

"నువ్వు?"

గుప్పిట వాడి తల మీద ఆగి ఉంది. దాని కింద అబద్ధం ఆడలేకపోయాను. "నవ్వానత్తా."

ఆవిడ "తల్లి దిష్టి" అని ఇంకోసారి తిప్పి, పొయ్యి మీది పెనంలో వేసింది. ఉప్పు చిటపటలాడింది. మిరపకాయలు నల్లగా మాడినా ఎవరికీ దగ్గు రాలేదు. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టు. "సూసావు కదా" అంది.

మర్నాడు ఎప్పటిలాగే నూనె రాసింది. నాకు చేపల పులుసు వడ్డించింది. తీగ పీకావా అని మాత్రం అడగలేదు. మధ్యాహ్నం ఉయ్యాల మీది కెమెరాని పేరుతో అడిగాను. దొరికింది. తెరిస్తే, కెమెరా మీద అత్త కప్పిన నీలం గళ్ళ తువ్వాలు. నూనె వేళ దాటి చాలాసేపైంది.

తీయమనడానికి నోరు రాలేదు. ఇప్పుడు వాడు ఊపిరి తీస్తున్నాడో లేదో చూడాలనిపిస్తే లేచి ముందు గదిలోకి వెళ్తున్నాను. అత్త నా వైపు చూడదు. ఉయ్యాల ఊపుతూనే కాస్త జరిగి చోటిస్తుంది.