అడుగుదాకా రాని పేజీ

ఇన్నేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. చూడబోతే చిన్నదే. నోటిదాకా తెచ్చుకున్న ప్రతిసారీ మింగేశాను. ఇవాళ మీకు చెప్పేస్తాను.

తెలంగాణ ఇంకా రాని రోజులు. గోదావరిఖనిలో మా మామ నెట్ సెంటర్‌లో నేను కూర్చునేదాన్ని. ఎంత తుడిచినా కీబోర్డుల మీద సన్నటి బొగ్గు దుమ్ము. నా దోస్తు సునీత, గని కార్మికుడి కూతురు, రోజూ వచ్చేది. మాకొక ఆట ఉండేది. పక్కపక్క సిస్టంలలో ఒకే పెద్ద పేజీని నేను పాత బ్రౌజర్‌లో, తను కొత్తగా వచ్చినదాంట్లో తెరిచేవాళ్లం. ఎవరి పేజీ ముందు అడుగుదాకా వస్తే వాళ్లు గెలిచినట్టు. నాది ఎప్పుడూ సగంలోనే గుడ్లు తేలేసేది.

"నీదానికి డ్యూటీ అయిపోయిందే, పండుకున్నది" అని ఏడిపించేది. ఎంత నవ్వుకునేవాళ్లమో! ఆ మధ్యాహ్నాలు మళ్లీ కావాలనిపిస్తుంది.

ఇద్దరం నర్సు ట్రైనింగ్‌కు పరీక్ష రాశాం. ఎంపికైనవాళ్ల నంబర్లన్నీ ఒకే పొడుగాటి పేజీలో పెట్టారు. పొద్దున్నే కొత్త బ్రౌజర్‌లో చూశాను. నా నంబర్ లేదు. తనది ఉంది, దాదాపు అట్టడుగున. కడుపు మండింది. అవును, కుళ్లే.

కాసేపటికి సునీత తండ్రితో వచ్చింది. ఆయన డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు, కళ్ల చుట్టూ ఇంకా నలుపే. నేను పాత బ్రౌజర్ తెరిచాను. పేజీ సగంలో ఆగింది. ముందే అనుకుని చేశానా? లేదనుకోవాలని ఉంది. కానీ పక్క సిస్టం ఖాళీగానే ఉంది కదా?

"అడుగుదాక పోయినవా బిడ్డా?" అన్నాడాయన.

"పోయిన కాకా. లేదు."

"పక్కదాంట్ల సూద్దాం బాపూ" అంది సునీత.

"బొగ్గుబాయిల ముందు పోయినోడు పైకప్పు కొట్టి సూసి మంచిగున్నదంటే, ఎనకోడు మల్ల కొట్టి సూస్తడా? అది నీ దోస్తు. పా, ఇంటికి పోదాం."

సునీత పక్క సిస్టం వైపు ఒకసారి చూసి, తండ్రి వెనకే వెళ్లిపోయింది.

రేపు చెబుదామనుకున్నాను. ఆ రేపు అట్లాగే జరుగుతూ పోయింది, చేరాల్సిన గడువు దాటిపోయింది. ఆ తర్వాత చెప్పి ఏం లాభం అనుకున్నాను. లాభం ఎవరికి? నాకేనా?

సునీత ఇప్పుడు మంచిర్యాలలో బట్టల దుకాణంలో నిలబడి పనిచేస్తుంది. మొన్న కలిసినప్పుడు ఫోన్‌లో ఏదో పేజీ తెరుచుకోక తిరుగుతుంటే, "నీ బ్రౌజర్ లెక్కనే పండుకున్నదే" అంది. నవ్వాను. నవ్వగలిగానంటే నేనెట్లాంటిదాన్నో మీరే చెప్పండి.

కాకా పోయాడు. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. ఆయన అడిగినదానికి జవాబు మాత్రం బాకీ ఉంది, అది చెబితే గుండె కాస్త తెరిపిన పడుతుంది.

పోలేదు కాకా. సగంలనే ఆపిన. సునీత నంబర్ ఉండె.